మెడ వంగిన బుల్లెట్

ఎడ్లపాడు దాటావు. ఎడమ పక్కన కొండవీడు కొండలు ఎండకు వెలిసిపోయి కనిపిస్తున్నాయి. మార్చి నెల. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు గానీ ట్యాంకుకు ఆనించిన మోకాళ్లు అప్పుడే చురుక్కుమంటున్నాయి. కింద మామయ్య బుల్లెట్ నిదానంగా డుగుడుగుమంటోంది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు ఉన్న పాత మద్రాసు బండి. "కొట్టంలో ఊరికే పడుంది, తోలుకోరా" అని తాళం చేతిలో పెట్టాడు మామయ్య. మార్టూరు నుంచి గుంటూరు దాకా హైవే నున్నగా ఉంది. భయపడాల్సిన పనేం లేదు.

కానీ కుడి భుజం లాగేస్తోంది.

ఎందుకో ఇప్పుడు తెలిసింది. బయల్దేరినప్పటి నుంచీ బండి ఎడమకు గుంజుతోంది. నువ్వు కుడి హ్యాండిల్‌ను తెలియకుండానే నెట్టి పట్టుకుంటున్నావు. రోడ్డు వాలు అనుకున్నావు. గాలి అనుకున్నావు. వాలు మారింది, గాలి మారింది, గుంజుడు మారలేదు.

స్పీడోమీటర్ ముల్లు 60 దగ్గర వణుకుతోంది. వెనక నుంచి హారన్. అద్దంలో లారీ. క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చి, మోకులు బిగించిన మిరప టిక్కీలు, ఎండుమిర్చి కుక్కిన బస్తాలు. అది పక్కకు రాగానే ఘాటు ముక్కులోకి కొడుతుంది. కళ్లలో నీళ్లు. తుమ్ము. లారీ తోసిన గాలి బండిని పక్కకు నెడుతుంది.

హ్యాండిల్ ఊగింది.

మళ్లీ ఊగింది. ఈసారి పెద్దగా. ముందుచక్రం ఎడమకు, కుడికి, ఎడమకు. మోచేతులు దాంతోపాటే ఊగుతున్నాయి. బ్రేకు వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకు. హ్యాండిల్ బిగించి పట్టుకోవాలనిపిస్తుంది. అదీ వద్దు. నీ ఒంట్లో వణుకు కూడా బండికి ఎక్కుతుంది. మోకాళ్లతో ట్యాంకు నొక్కు. ఛాతీ ముందుకు వంచు. యాక్సిలేటర్ వదులు. మెల్లగా. ఇంకా మెల్లగా. 50. ఊగుతోంది. 45. ఊగుతోంది. 40. తగ్గింది.

ఆగింది.

రోడ్డు పక్కకు తీసి స్టాండు వేశావు. పిక్కలు అదురుతున్నాయి. ముందు టైరు నొక్కి చూశావు, గాలి ఉంది. స్పోకులు లాగి చూశావు, బిగువుగానే ఉన్నాయి. నాలుగడుగులు వెనక్కి వేసి చూసినా బండి చక్కగా నిలబడే ఉంది. 30 దాటకుండా మెల్లగా పోదామా? ఊగుడు ఏ వేగంలో మొదలవుతుందో నీకు తెలుసు గానీ, ఎందుకు మొదలవుతుందో తెలియదు. తెలియని తప్పుతో హైవే మీద ముప్పై కూడా ఎక్కువే. అటుగా పోతున్న ట్రాలీ ఆటోను ఆపి, నలుగురు చెయ్యి వేస్తే బండి పైకెక్కించావు.

గుంటూరు ఆటోనగర్. ఒకవైపు సుత్తి దెబ్బలు, ఇంకోవైపు గ్రైండర్ రవ్వలు. లారీ బాడీలు, ట్రాక్టర్ ట్రక్కులు, విప్పి పడేసిన గేరుపెట్టెలు. ఆ వరస చివర రేకుల షెడ్డు. గోడకు రిమ్ములు, సైలెన్సర్లు వేలాడుతున్నాయి. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కళ్లద్దాలకు దారం కట్టుకున్నాడు.

"ఎట్టా లాగుతోంది అబ్బాయ్?"

"ఎడమకి, బాబాయ్. అరవైలో ఊగింది."

"బ్రేకు వేశావా?"

"లేదు."

"అందుకే వచ్చి చెప్పగలుగుతున్నావు."

ఆయన స్పానర్ ముట్టుకోలేదు. షెడ్డు ముందు నల్లమట్టి మీద బకెట్ నీళ్లు కుమ్మరించాడు. "తోసుకుంటూ పో. హ్యాండిల్ తిప్పమాక." నువ్వు బండిని తోశావు. తడి మట్టి చెప్పుల కింద జారింది. వెనక్కి తిరిగి చూస్తే మట్టిలో ఒక గీత ఉండాల్సిన చోట రెండున్నాయి. వెనక చక్రం గీత ముందు చక్రం గీతకు ఎడమగా, బొటనవేలు మందం తప్పి నడిచింది.

"రెండు చక్రాలూ ఒక దారిన పోవట్లా," అన్నాడు మేస్త్రి. "ఎందుకు పోవట్లేదో మట్టి చెప్పదు. మనమే వెతుక్కోవాలి. చౌక తప్పుల నుంచి మొదలుపెడదాం."

మొదటి చౌక తప్పు వెనక ఇరుసు దగ్గరే దొరికింది. చైను బిగించడానికి రెండు వైపులా తిప్పే కామ్‌లు ఉంటాయి. వాటి మెట్లు రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఎడమది రెండు మెట్లు ఎక్కువ తిరిగి ఉంది. ఎవరో చైను బిగిస్తూ ఒక పక్క చూసి ఇంకో పక్క వదిలేశారు. మేస్త్రి సరిచేశాడు. మళ్లీ నీళ్లు, మళ్లీ తోయడం. గీతల మధ్య ఎడం సగానికి తగ్గింది.

సగం. ఇక్కడే ఆగిపోవచ్చు. డబ్బులిచ్చి, దండం పెట్టి, బండెక్కి పోవచ్చు. గుంజుడు కూడా సగమే ఉంటుంది కాబట్టి చాలా రోజులు తెలియదు. మిగతా సగం ఎక్కడుందో చూడాలంటే ఆ పూట ఇక్కడే గడవాలి. నువ్వు చొక్కా చేతులు మడిచావు.

ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందుచక్రం గాల్లోకి లేపారు. మేస్త్రి రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకుని చక్రం తిప్పాడు. సుద్ద చుట్టూతా ఒకేలా అంటింది. రిమ్ము బెండు లేదు. ఫోర్కు కాళ్లు రెండూ పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగమన్నాడు. లాగావు. హ్యాండిల్ కింద, మెడలో టక్ మంది. మెడ బేరింగుల కోన్ సెట్ వదులు. బిగించాడు. వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపాడు, స్వింగ్ ఆర్మ్ బుష్షులు గట్టిగానే ఉన్నాయి.

ఇప్పుడు దారం. స్టాండు దించేసి బండిని నిటారుగా పట్టుకోవడం నీ పని. నూట అరవై కిలోల పైచిలుకు ఇనుము తొడకు ఆనుతోంది. కాస్త ఒరిగితే కొలత తప్పు, ఇంకాస్త ఒరిగితే కాలు పోతుంది. మేస్త్రి నేలకు జానెడు ఎత్తులో, వెనక టైరు చుట్టూ దారం తిప్పి రెండు పక్కల నుంచీ ముందుకు లాగి ఇటుకలకు కట్టాడు. ఈ బండికి ముందూ వెనకా ఒకే కొలత టైరు, 3.25-19. కాబట్టి ప్రతి పక్కనా దారం నాలుగు చోట్ల తగలాలి: వెనక టైరుకు రెండు అంచులు, ముందు టైరుకు రెండు అంచులు. కుడి పక్కన ముందు టైరు దారాన్ని బయటికి నెడుతోంది. ఎడమ పక్కన ముందు టైరుకూ దారానికీ మధ్య అగ్గిపుల్ల దూరే సందు.

చెమట కంట్లో పడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"సందు చిన్నదేగా, బాబాయ్. అంత మాత్రానికి బండి అట్టా ఊగుద్దా?"

మేస్త్రి షెడ్డులో ఉన్న ఇంకో బుల్లెట్ దగ్గరికి తీసుకుపోయాడు. సర్వీసుకు వచ్చిన బండి, ఏ దెబ్బా తగలనిది. హ్యాండిల్ తిరిగే ఇరుసు, అంటే మెడ, ఏ వాలులో ఉందో ఆ వాలునే దారం పట్టి నేల దాకా తెచ్చాడు. దారం నేలను తాకిన చోట సుద్దతో చుక్క. ముందుచక్రం నేలను నొక్కే చోట ఇంకో చుక్క. రెండో చుక్క సుమారు బెత్తెడు వెనకుంది. ఆ బెత్తెడే బండిని నిలబెడుతుంది. చక్రం పక్కకు తిరిగినప్పుడల్లా నేల రాపిడి దాన్ని వెనక్కి లాగి తిన్నగా పెడుతుంది. చేతులు వదిలినా బండి నిటారుగా పోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

మీ బండి దగ్గర అదే కొలత. బెత్తెడు లేదు. దాదాపు వేలు మందం తగ్గింది. అంటే ముందుచక్రం ఇంజన్ వైపు జరిగింది. తనంతట తాను తిన్నబడే బలం ఆ మేరకు పోయింది. లారీ గాలి ఒక్క తోపు తోస్తే చాలు.

జరిగింది ఫోర్కా, చాసీనా?

హెడ్‌లైట్ విప్పారు, హ్యాండిల్ విప్పారు, ఫోర్కు దించారు. మేస్త్రి ఫోర్కు పైపుల్ని ఆయిల్ తుడిచి పాత అల్మరా అద్దం మీద దొర్లించాడు. తిన్నని పైపు అద్దానికి అతుక్కుని దొర్లుతుంది. ఇవి ఎగిరెగిరి దొర్లాయి. కళ్లు అద్దం ఎత్తుకు దించి చూస్తే పైపు నడుం కింద వెలుతురు గీత మెరిసి మాయమవుతోంది. రెండు పైపులూ వంగాయి.

నీకు గుండె తేలికపడింది. దొంగ దొరికాడు. కొత్త పైపులు వేస్తే అయిపోతుంది. చాలా షెడ్లలో కథ ఇక్కడే ముగుస్తుంది, బండి మళ్లీ లాగుతూనే రోడ్డెక్కుతుంది. పైపుల్ని వంచిన దెబ్బ పైపుల దగ్గరే ఆగిందని ఎవరు చెప్పారు?

"ట్యాంకు దించు," అన్నాడు మేస్త్రి.

పెట్రోల్ ట్యాప్ కట్టేసి, పైపు ఊడదీసి, ట్యాంకును షెడ్డు బయటికి మోశావు. గ్రైండర్ తిరిగే చోట పెట్రోల్ ఉండకూడదు. ట్యాంకు కింద దాగిన చాసీ భాగం ఏళ్ల తరబడి ఎవరూ చూడనిది. దుమ్ము, ఎండిన నూనె, దాని కింద నల్ల పెయింట్. గుడ్డతో తుడిచావు. మెడ నుంచి ఇంజన్ ముందుకు దిగే గొట్టం పైభాగంలో పెయింట్ అడ్డంగా సన్నగా పగిలి ఉంది. పగుళ్లలో ఎర్రటి తుప్పు పొడి.

"కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడు."

చూపుడు వేలు గొట్టం వెనక పక్కన పెట్టి కిందికి జార్చావు. నున్నగా, నున్నగా, నున్నగా. ఆ తర్వాత చిన్న ఉబ్బు, వెంటనే చిన్న పల్లం. కంటికి కనపడని అల వేలికి తగిలింది. ఇనుము నలిగింది ఇక్కడ.

మామయ్యకు ఫోన్ చేశావు. "బండి దేనికైనా కొట్టుకుందా మామయ్యా?" అవతల కాసేపు ఏమీ లేదు. "ఆ... నిరుడు వానల్లో పత్తిచేని డొంకలో తూముకి కొట్టింది గదా. మడ్గార్డు మార్పించాలే."

మేస్త్రి తల ఊపాడు. ఈ నల్లరేగడి నేలల్లో ఆయనకు తెలిసిన కథే ఇది. రేగడి వానకు నాని ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన దారి కూడా ఏడాదికోసారి లేచి కుంగుతుంది. తూము మాత్రం పునాది మీద కట్టింది, కదలదు. దానికి ఆనించి పోసిన మట్టి కుంగిపోయి తూము అంచు మెట్టులా పైకి తేలుతుంది. బురదనీళ్లు నిండితే ఆ మెట్టు కనపడదు. చక్రం దాన్ని గుద్దుకుంటుంది, దెబ్బ ఫోర్కు మీదుగా మెడకు ఎక్కుతుంది. మడ్గార్డు ఒక్కటే సొట్టపడినట్టు కనపడుతుంది.

ఇంజన్ దించాలి. ఇద్దరూ చెరోపక్క కూర్చుని బోల్టులు విప్పారు. వెనకవి చేతికి వచ్చాయి. ముందుది రాలేదు. సుత్తి దెబ్బలు తింటే గానీ కదల్లేదు. అది కూడా సాక్ష్యమే. బుల్లెట్ చాసీకి కింద ఊయల లేదు. మెడ నుంచి దిగిన ఒక్క గొట్టం ఇంజన్ ముందు భాగానికి వచ్చి ఆగిపోతుంది, అక్కడి నుంచి వెనక దాకా బరువు మోసేది ఇంజనే. ఆ గొట్టం వంగితే బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా నిలవవు, బోల్టు ఇరుక్కుపోతుంది.

ఒట్టి చాసీ ఇప్పుడు రెండు ఇనుప గుర్రాల మీద ఉంది. మేస్త్రి లేతు మీద తీయించుకున్న బుష్షులు మెడలో పైనా కిందా పెట్టి, గజం పొడవు తిన్నని రాడ్డు గుచ్చాడు. స్వింగ్ ఆర్మ్ రంధ్రంలో ఇంకో రాడ్డు. దాని మీద తాపీ మేస్త్రీల రసమట్టం పెట్టి, బుడగ నడుమకు వచ్చేదాకా గుర్రాల కింద రేకుముక్కలు దూర్చాడు. తర్వాత మెడ రాడ్డు పై కొస నుంచి తూకం గుండు వేలాడదీశాడు. ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసుకుని చూశావు. దారమూ రాడ్డూ ఒకే గీతలో కనపడాలి. పైన కలిసే ఉన్నాయి. కిందికి వచ్చేసరికి విడిపోయాయి. రాడ్డు కొస దగ్గర ఆరు మిల్లీమీటర్ల ఎడం. మెడ తల ఎడమకు ఒరిగింది. ఆ పూటంతా నీ కుడి భుజం మోసింది ఈ ఆరు మిల్లీమీటర్లనే.

ఇప్పుడు నిర్ణయం నీది.

గోడకు ఇంకో చాసీ వేలాడుతోంది. తిన్నగా ఉంది, చౌకగా వస్తుంది. ఒక పూటలో బండి తయారు. కానీ దాని మెడ దగ్గర కొట్టిన నంబరు వేరు, మీ ఆర్.సి.లో ఉన్న నంబరు వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. పైగా పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ముందుగా వంగి చూసేది ఆ నంబరే. పాతది గీకి కొత్తది కొట్టిస్తే బండి దొంగబండి లెక్కలోకి పోతుంది.

రెండో దారి, ఉన్న చాసీనే తిన్నగా చేయడం. దానికీ ఒక హద్దుంది. గొట్టం వంగితే తీయొచ్చు. మడత పడితే తీయకూడదు. మడత దగ్గర ఇనుము అప్పటికే సాగి పలచబడి ఉంటుంది, దాన్ని వెనక్కి వంచితే చిరుగుతుంది. అక్కడ కోసి, లోపల దిట్టమైన గొట్టం దూర్చి అతకాలి. వేలికి తగిలింది మడతా, అలేనా? మేస్త్రి స్కేలు ఆనించి టార్చి వేశాడు. స్కేలు కింద వెలుతురు పలచగా, వెడల్పుగా ఉంది. అల. మడత పడలేదు.

"చీలిక లేకపోతే తీద్దాం. ఉంటే దీని ఆట అయిపోయినట్టే."

చీలిక కంటికి కనపడదు. పెయింట్ గీకి, అతుకుల మీద కిరోసిన్ పూసి, నానిన తర్వాత పొడిగుడ్డతో బాగా తుడిచారు. పైన సుద్దపొడి రుద్దారు. రెండు టీలు తెప్పించాడు మేస్త్రి. గాటు ఉంటే దాంట్లో దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకి ఊరి సుద్దను తడుపుతుంది. పాత రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల్ని పరీక్షించిన పద్ధతి ఇదే. టీ తాగుతూ నువ్వు మెడ అతుకుల వైపే చూస్తున్నావు. తెలుపు. తెలుపుగానే ఉంది. ఊపిరి వదిలావు.

"ఇటు చూడు," అన్నాడు మేస్త్రి.

వెనక, సీటు కింద షాక్ అబ్జార్బర్ పైకొస బిగించే చోట, తెల్ల సుద్ద మీద సన్నటి నల్లగీత. నీ కళ్ల ముందే పెరుగుతోంది. గోరంత. గోరున్నర.

ఆ గీతకు తూముతో పనిలేదు. "మీ మామయ్య టిక్కీలు వేసేవాడా?" వేసేవాడు. కల్లం నుంచి ఊళ్లోకి సీటు మీద ఒకటి, దాని మీద ఒకటి. టిక్కీ ఒక్కోటీ నలభై కిలోలకు పైమాటే. మనిషి గుంతలో మోకాళ్లు వంచి అదురు మింగుతాడు, టిక్కీ మింగదు. ప్రతి కుదుపూ తిన్నగా ఆ అతుకు మీద పడుతుంది. అయితే ఈ చీలిక మెడ దగ్గర లేదు, అతకడానికి వీలున్న చోటే ఉంది. రెండు కొసల దగ్గరా సన్న రంధ్రం వేస్తే ఇక పాకదు. ముందు మెడ, తర్వాత ఇది.

మర్నాడు పొద్దున్నే నొక్కుడు.

షెడ్డు నేలలో కాంక్రీటు వేసి దింపిన ఇనుప చానళ్లున్నాయి. చాసీని వాటికి నాలుగు చోట్ల బిగించారు. మెడలో గుచ్చిన సన్న రాడ్డు తీసేసి, చేతిమణికట్టంత లావు కడ్డీ దూర్చారు. దాని కింది కొసకూ చానల్ దిమ్మకూ మధ్య లారీ జాకీ. కడ్డీ జారితే పట్టుకోవడానికి గొలుసు.

"గ్యాస్ పెట్టి ఎర్రగా కాలిస్తే తేలిగ్గా వంగుద్ది గదా, బాబాయ్?"

"వంగుద్ది. ఆ తర్వాత కూడా వంగుద్ది."

కాల్చిన చోట ఇనుము బలం మారిపోతుంది, పక్కనున్న అతుకులు గుంజుకుపోతాయి. తప్పనిసరై కాల్చినా మందపు ఎరుపు దాటనివ్వకూడదు, నీళ్లు పోసి ఆర్పకూడదు. ఇంత చిన్న వంపుకు చల్లగానే తీయాలి.

జాకీ హ్యాండిల్ నీ చేతికిచ్చాడు. "ఎదురుగా నిలబడమాక. పక్కన నిలబడు. కడ్డీ ఎగిరితే ఎటు పోద్దో అటు మనం ఉండకూడదు." ఆయన కడ్డీ పైకొసకు మళ్లీ తూకం గుండు కట్టి, దాని కింద నేల మీద సుద్దగీత గీశాడు.

ఒకటి. రెండు. మూడు. జాకీ బిగిసింది. నాలుగు. చాసీ ఎక్కడో మూలిగింది. దారం మూడు మిల్లీమీటర్లు కదిలింది. "వదులు." వదిలావు. దారం మళ్లీ మొదటి చోటికే వచ్చింది. ఏమీ జరగలేదు. పచ్చి పత్తికట్టెను వంచి వదిలితే లేచినట్టు ఇనుమూ లేస్తుంది. అది లొంగే చోటు దాటించాలి. ఎంత దాటించాలో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఎక్కువైతే మెడ అటు వంగుతుంది. మళ్లీ ఇటు, మళ్లీ అటు వంచితే చీలుతుంది.

మళ్లీ. ఐదు. ఆరు. గొలుసు బిగిసింది. జాకీ హ్యాండిల్ బరువెక్కింది. అరచెయ్యి జారుతోంది. ఏడు.

టక్.

నీ చెయ్యి ఆగిపోయింది.

"ఏంది బాబాయ్?"

"కదలమాక."

మేస్త్రి వంగాడు. అతుకు చూశాడు. వేలు పెట్టలేదు. టార్చి వేశాడు. కాంక్రీటులో చానల్ బోల్టు సర్దుకుంది. అతుకు బాగానే ఉంది.

"ఎనిమిది కొట్టు."

కొట్టావు.

"సగం."

సగం.

"వదులు."

దారం వెనక్కి వస్తోంది. వస్తోంది. ఆగింది. మొదటి చోటికి రాలేదు. రెండు మిల్లీమీటర్లు దక్కాయి.

ఇలా కొంచెం నొక్కడం, వదలడం, కొలవడం. ముందు వెనక్కి పోయిన మెడను ముందుకు, తర్వాత జాకీ స్థానం మార్చి ఎడమకు ఒరిగిన తలను కుడికి. పూట గడిచేసరికి తూకం దారం రాడ్డు మీద కొస దాకా కలిసి నిలబడింది. మేస్త్రి దగ్గర మంచి బండి మెడ వాలుకు కత్తిరించిన అట్ట ఉంది. పెట్టి చూశాడు, సరిపోయింది. చివరి పరీక్షకు మూల నుంచి పగిలిన పాత ఇంజన్ గుల్ల ఒకటి లాగాడు. లోపల ఏమీ లేదు, ఖాళీ కేసు. చాసీలో దాన్ని కూర్చోబెట్టి ముందు బోల్టు నీ చేతికిచ్చాడు. "సుత్తి ముట్టుకోమాక. వేలితో తొయ్యి."

తోశావు. బోల్టు జారి అవతల పక్కకు వచ్చింది.

వెనక చీలికకు రెండు కొసల్లో రంధ్రాలు పడ్డాయి. గాటును అడుగు దాకా గ్రైండర్‌తో తెరిచి, వెల్డింగ్ నింపి, పైన చిన్న పట్టీ వేశారు. వెల్డింగ్ చల్లారుతూ ఇనుమును గుంజుతుంది కాబట్టి రసమట్టం, తూకం గుండు మళ్లీ పెట్టి చూశారు. మెడ అతుకుల మీద కిరోసిన్, సుద్ద కూడా మళ్లీ. తెలుపు. కొత్త ఫోర్కు పైపులు, కొత్త కోన్ సెట్. ఇంజన్ ఎక్కింది. ట్యాంకు లోపలికి వచ్చింది.

ఆటోనగర్‌లో సెలవు రోజు పొద్దున్నే లారీలుండవు. ఖాళీ రోడ్డు. నువ్వు కిక్ కొట్టావు. 20 లో బ్రేకు వేసి చూడు, ఎటూ గుంజకూడదు. గుంజలేదు. 40. కుడి భుజం ఊరికే ఉంది. అరచేతులు హ్యాండిల్ మీద ఆనించి మాత్రమే ఉంచు, పట్టుకోకు. బండి నిటారుగా పోతోంది. 50. కడుపులో ఏదో మెలిపెడుతోంది. 55. వేళ్లు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. విప్పు. 60.

ఊగలేదు.

తిరిగి వచ్చేసరికి మేస్త్రి చిన్న కుంచె పట్టుకుని ఉన్నాడు. మెడ కింద తిన్నచేసిన చోటా, వెనక అతుకు మీదా తెల్ల పెయింట్‌తో వేలెడు పొడవు సన్నగీతలు గీశాడు. ఎందుకని అడిగావు. పెయింట్ ఎండితే పెళుసుగా ఉంటుంది, ఇనుము ఏ కాస్త కదిలినా ముందు అదే పగులుతుంది.

"కొన్ని వందల మైళ్లు తిరిగాక ఇంజన్ బోల్టులన్నీ ఒకసారి బిగించు. బండి కడిగినప్పుడల్లా ట్యాంకు కిందికి టార్చి వేసి ఈ గీతలు చూడు. గీత తెగిందా, తాళం తీసి జేబులో వేసుకుని ట్రాలీ ఆటో మాట్లాడుకో. నడుపుకుంటూ మాత్రం రామాక."

జేబులో ఫోన్ మోగింది. మామయ్య. బండి బాగయిందని ఎవరో చెప్పినట్టున్నారు. కల్లంలో రెండు టిక్కీలు మిగిలాయట, సాయంత్రం వచ్చి వేసుకుపొమ్మంటున్నాడు. మేస్త్రి నీ ముఖంలోకి చూస్తున్నాడు.

"ఆటోకి చెప్పు మామయ్యా," అన్నావు. "కిరాయి నేనిస్తా."